దీపం పీట ఇచ్చిన పచ్చచీటీ

నూకరత్నం రెండు కాళ్ళూ గాజుపీట మీద పెట్టి బుద్ధిగా నిలబడింది. పీట అడుగున తెల్లటి వెలుగు అటూ ఇటూ ఒకసారి పారింది. తరువాత పచ్చదీపం వెలిగి, పక్కనున్న డబ్బాలోంచి పచ్చచీటీ బయటికొచ్చింది. దాని మీద ‘ఆరోగ్యం’ అని అచ్చుపడి ఉంది.

బడి నర్సు మంగతాయారు చీటీ వంక చూసింది. పిల్ల కాళ్ళ వంక చూసింది. ఎడమ కాలి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ వాచి నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయి. మడమ పైన వల అల్లినట్టు సన్నటి మచ్చలు. ముప్పై ఏళ్ళుగా తుని చుట్టుపక్కల పిల్లల ఒళ్ళు చూస్తున్న మనిషి ఆవిడ. తట్టేదో, తామరేదో, దోమ కాటేదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

“ఎప్పట్నించే ఇది?”

“నిన్నటి నించండి. మంటండి. చెప్పులేసుకుంటే నొప్పండి,” అంది ఆరో తరగతి నూకరత్నం.

నిన్న ఆదివారం. తాయారు మనసులోనే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. శుక్రవారం దాకా గడువు.

ఆ ఏడు వచ్చిన కరోనా రకం పిల్లల్ని పట్టే తీరే వేరు. దగ్గు లేదు, పడిశం లేదు, ఒళ్ళు కాలడం లేదు. అది చర్మం మీద కబురు చెప్పి వచ్చేది. కాలివేళ్ళు వాచడం, వీపు మీద దద్దుర్లు, అరచేతుల్లో పొక్కులు. ఆ కబురు విన్నవాళ్ళ పిల్లలు బతికారు. విననివాళ్ళ పిల్లలకి పదో రోజుకల్లా గుండె వాచేది. మచ్చ కనిపించిన ఆరు రోజుల్లోగా మందు పడాలి, అంతే. మందు లేక కాదు. బడిలోనే ఉంది, తాయారు కూర్చునే గదిలోనే, ఇనప్పెట్టెలో. కానీ ఆ పెట్టె తాళం పిల్ల ఎక్కిన ఈ దీపం పీట చేతిలో ఉంది. పీట ఎర్రదీపం వెలిగిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. మందు పక్కదారి పట్టకుండా పైవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది. పెద్దాసుపత్రిలోనూ ఇదే పీట, ఇదే పెట్టె. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి గాజుపీట.

తాయారు పిల్ల కాళ్ళు కడిగించి మళ్ళీ నిలబెట్టింది. పచ్చదీపమే. తుడిచి నిలబెట్టింది. పచ్చదీపమే. మూడో చీటీ వచ్చేసరికి హెడ్‌మాస్టరు గది గుమ్మంలోంచి తల బయటికి పెట్టి, “మిషను బాగానే ఉందంటోంది కదండీ తాయారుగారూ, ఇంకా దేనికండీ ఆ పిల్లని పీడిస్తారు,” అన్నాడు.

మధ్యాహ్నం నూకరత్నం తల్లి లోవమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. పిక్కల నూనెకి చేతివేళ్ళు కాలి, తోలు ఊడి, నల్లబడి ఉంటాయి. పిల్ల పాదం ఒళ్ళో పెట్టుకుని చూసింది గాని ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో తాయారుకి తెలుసు. ఏడుపు ఇరవై రోజుల కిందటే అయిపోయింది. పెద్దపిల్ల సత్యవేణి, తొమ్మిదో తరగతి, ఇవే వేళ్ళతో, ఇదే పీట ఎక్కి, పచ్చచీటీ పట్టుకుని ఇంటికెళ్ళింది. పదకొండో రోజున పోయింది.

లోవమ్మ రవికలోంచి ఒక మడత తీసి విప్పింది. ఆ చీటీ ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

“దానికీ ఇలాగే వొచ్చాయి కదండీ. మీరే కదండీ చూశారు. జీడినూనె తగిలుంటాదన్నారు,” అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

అన్నది నిజం. సత్యవేణి సెలవు రోజుల్లో తల్లికి సాయంగా పిక్కలు కొడుతుంది కదా, నూనె కాళ్ళ మీద ఒలికిందేమో అని రిజిస్టర్లో తాయారే రాసింది. అనుమానం రాకపోలేదు. కానీ పీట ఆరోగ్యం అన్నాక, ఇంత చదువుకున్నవాళ్ళు చేసిన మిషను అబద్ధమాడుతుందా అని తన కళ్ళని తనే నోరు మూసుకోమంది. ఆ తప్పు రిజిస్టరు తెరిచినప్పుడల్లా కళ్ళబడుతూనే ఉంది.

“ఈ పిల్లకి అలా జరగనివ్వను లోవమ్మా,” అంది తాయారు. అనేశాక భయం వేసింది.

లోవమ్మ వెళ్ళాక రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. రెండు నెలల్లో ఆ బడిలో ఎర్రదీపం వెలిగింది తొమ్మిదిమందికి. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి ఆ పిల్ల మొహం గుర్తు తెచ్చుకుంది. బ్యాంకు మేనేజరుగారి అమ్మాయి, స్టేషను రోడ్డు స్వీటు షాపువాళ్ళ కవలలు, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు కూతురు... తొమ్మిదిమందీ దబ్బపండు ఛాయ. అందరికీ వేళకి మందు పడింది, అందరూ శుభ్రంగా ఉన్నారు. చల్లగా ఉండాలి, వాళ్ళ మీద కోపమెందుకు. మరి వీళ్ళ పక్కనే కూర్చునే చామనఛాయ పిల్లలకీ, నల్లటి పిల్లలకీ ఈ జబ్బు ముట్టుకోలేదా? మున్సిపాలిటీ బడిలో ముప్పాతికమంది వాళ్ళే. ఒక్కరికీ ఎర్రదీపం లేదు.

మర్నాడు సెలవుచీటీ రాసి పడేసి కాకినాడ రైలెక్కింది.

*

పీటని తయారుచేసిన పరిశోధన కేంద్రం కాకినాడలో సముద్రం వైపు ఉంది. డైరెక్టరు డాక్టర్ విశ్వంభర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మజ్జిగ తెప్పించాడు, అనుమానం మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

“చూడండమ్మా, పీటకి మనం రూల్సు చెప్పం. ఫోటోలు చూపిస్తాం. ఇవి జబ్బున్న పాదాలు, ఇవి లేనివి అని పద్దెనిమిది వేలు చూపించాం. తేడా అదే పట్టుకుంటుంది. కంటికి ఆననిది కూడా దానికి ఆనుతుంది.”

“నా కంటికి ఆనుతున్నదే దానికి ఆనటం లేదండి. ఆ ఫోటోలు ఒకసారి చూపిస్తారా?”

ఆయన సంతోషంగానే గోడ నిండా ఉన్న తెర వెలిగించాడు. పై దేశాల నుంచి వచ్చిన బొమ్మలు ముందు కనిపించాయి. గులాబీరంగు పాదాలు, వాటి మీద ఎర్రటి వాపులు, పసిపిల్లాడైనా గుర్తుపడతాడు. తరువాత మన జిల్లా పిల్లలవి, జబ్బుందని రక్తపరీక్షలో తేలినవాళ్ళవి, రెండు వేల నాలుగువందలు. తాయారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్ళింది.

అన్నీ పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయి. మచ్చ లేదు, వాపు లేదు, పగులు లేదు. గోళ్ళలో మట్టి కూడా లేదు. మన్నులో పొర్లే పిల్లల కాళ్ళు, అందులోనూ జబ్బు చేసిన కాళ్ళు, ఇంత నున్నగా ఎక్కడుంటాయి? ఆవిడ ఇంకొంచెం వంగి చూసింది. పాదాలన్నీ ఒకే నీలం రెక్సిను స్టూలు మీద ఉన్నాయి. స్టూలు మూల చిరిగితే అక్కడ ఎర్ర టేపు అంటించి ఉంది. ఆ స్టూలు మీద తను కూర్చుంది. ఉద్యోగం కార్డు ఫోటోకి ఒకసారి, కూతురి పెళ్ళిచూపుల ఫోటోకి పక్కన నిలబడి ఒకసారి.

“ఇవి మా బ్రహ్మాజీ తీసినవి.”

“ఎవరో లోకల్ ఫోటోగ్రాఫరమ్మా. మావాళ్ళు పని అప్పజెప్పారు.”

“పీట పద్దెనిమిది వేలు చూసిందన్నారు. మీరెన్ని చూశారండీ?”

విశ్వంభర్ నవ్వాడు. మనుషులు చూడాల్సిన అవసరం లేకుండా చేయడానికే కదా ఇదంతా అన్నాడు. తాయారు మజ్జిగ గ్లాసు ముట్టుకోకుండానే లేచొచ్చింది.

*

బుధవారం పొద్దున్న స్టూడియో షట్టరు ఎత్తుతుండగానే తాయారు అక్కడుంది. బ్రహ్మాజీకి అరవై దగ్గర పడింది. తునిలో సగం పెళ్ళిళ్ళు జరగడానికి ఆయన చేతి చలవే కారణమని ఊళ్ళో సరదాగా అంటారు. నల్లటి పిల్లని చామనఛాయ, చామనఛాయని పచ్చటి ఛాయ చేసి, మొటిమలు తుడిచి, బుగ్గలు నింపి ఇస్తాడు. తీరా పెళ్ళిపీటల మీద తేడా తెలిసినా అప్పటికి తాళి కట్టేసి ఉంటారు. దాన్నే టచింగ్ అంటాడు. తండ్రి సన్నటి బ్రష్షుతో నెగెటివు మీద చేసేవాడు, ఈయన కంప్యూటరు మీద చేస్తాడు.

“కాళ్ళ ఫోటోలాండీ?” అన్నాడు మొహం వెలిగిపోతూ. “రెండు వేల నాలుగొందలండి తాయారుగారూ. రెండు నెలలు నిద్దర లేదనుకోండి. ఒక్కోటీ చేత్తో టచింగ్ చేశాను. ఇలా రండి, చూపిత్తాను.”

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపు తీసినది తీసినట్టు. నేరేడుపళ్ళలాంటి వేళ్ళు, మడమ మీద వల అల్లిన మచ్చలు, వాపుకి మెరుస్తున్న తోలు. కుడివైపు ఆయన పనితనం.

“చూశారా, ఒక్క మరక లేకుండా. కాస్త రంగు కూడా పెంచాను. పాపం చిన్నపిల్లలు కదండీ, గవర్నమెంటోళ్ళు చూసే ఫోటోలాయె.”

తాయారు తిడదామనే వచ్చింది. ఎదురుగా ఆ మనిషి, కష్టపడి చేసిన పనికి మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాడు.

“బ్రహ్మాజీ, ఆ మరకలే జబ్బు.”

ఆయనకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, నీలం స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. పరిశోధన కేంద్రం తలకట్టు, కింద సంతకం, ముద్ర. ‘మీరు పంపిన మొదటి విడత ఫోటోలు నల్లగా, మరకలతో, అశుభ్రంగా ఉన్నందున తిరస్కరించడమైనది. శుభ్రమైన ఫోటోలు పంపగలరు.’

“మొదట ఉన్నవి ఉన్నట్టే పంపానండి. తిరక్కొట్టారు. శుభ్రమంటే నాకు తెలిసిందిదేనండి మరి. నాకెవరూ ఇవి ఎందుకో చెప్పలేదు,” అన్నాడు.

అప్పుడర్థమైంది తాయారుకి మొత్తం కథ. జబ్బున్న మన పిల్లల పాదాల మీద జబ్బే లేకుండా చేసి పీటకి చూపించారు. జబ్బున్నవీ నున్నగానే ఉన్నాయి, లేనివీ నున్నగానే ఉన్నాయి. తేడా దొరక్క, నల్లపాదమైతే చాలు పచ్చదీపం వెలిగించడం నేర్చుకుంది అది. గులాబీ పాదాల మీద మాత్రం జబ్బు చక్కగా చదువుతుంది, ఎందుకంటే వాటిని అశుభ్రం అని ఎవరూ తిరక్కొట్టలేదు. మన పిల్లల కాళ్ళ రంగుని మరక అనుకున్న ఆ సంతకం ఎవరిదో గాని, సత్యవేణి చావు ఆ కాగితం మీద ఉంది.

“అసలువి ఉన్నాయా, చెరిపేశావా?”

“అసలు ఫోటో ఎప్పుడూ చెరపమండి. మా నాన్న చెప్పిన మాట. ఎప్పుడు ఎవరింట్లో దండ వేయాల్సొచ్చి పటం అడుగుతారో తెలీదు కదండీ.”

తాయారు అక్కణ్ణించే విశ్వంభర్‌కి ఫోన్ చేసింది. ఆయన అసలు ఫోటోలు పంపమన్నాడు, పీటకి మళ్ళీ నేర్పిస్తానన్నాడు, దానికి కమిటీ అనుమతి కావాలన్నాడు. అన్నీ కలిపి ఇరవై రోజులు పడుతుందన్నాడు.

“శుక్రవారంతో మా పిల్లకి గడువు అయిపోతుందండి. పెట్టె తాళమైనా తీయించండి.”

“అది నా చేతిలో లేదమ్మా. పీట ఎర్రదీపం ఇవ్వాలి. ఇంకో మాట, ఇది ప్రస్తుతానికి బయట చెప్పకండి. జనం కంగారు పడతారు.”

జనం చచ్చిపోవచ్చు గాని కంగారు పడకూడదు. తాయారు ఫోన్ పెట్టేసి బ్రహ్మాజీ వైపు తిరిగింది. ఆయన ఇంకా తలొంచుకునే ఉన్నాడు. ఆయన వెనక అలమరలో పెళ్ళికూతుళ్ళకి పూసే తెల్లక్రీము డబ్బాలు వరసగా ఉన్నాయి.

“లే బ్రహ్మాజీ. నల్లటి పాదాన్ని గులాబీ పాదం చేయడం నీకొచ్చు కదా. కంప్యూటరు మీద కాదు, మనిషి కాలి మీద చెయ్యి.”

*

గురువారం బడి గంటకి ముందే ముగ్గురూ నర్సు గదిలో చేరారు. నీలం స్టూలు మీద నూకరత్నం పాదాలు పెట్టింది. బ్రహ్మాజీ మొదట తెల్లక్రీము పూశాడు, దాని మీద పౌడరు, దాని మీద సన్నటి గులాబీ ఛాయ. కాకినాడ తెర మీద చూసిన పరదేశపు పాదం ఎలా ఉందో తాయారు చెబుతుంటే, అదే చోట, అదే కొలతకి, పారాణిలో ముంచిన బ్రష్షుతో వేళ్ళ మీద ఎర్రటి వాపు దిద్దాడు. అసలు వాపు అడుగున ఉంది. దాని మీద అబద్ధపు వాపు వేశారు.

పీట ఎక్కించారు. పచ్చదీపం.

బ్రహ్మాజీ వంగి చూశాడు. “మడమ దగ్గర మన రంగు కనబడతంది,” అని గొణిగి, మడమకి ఇంకో పూత వేశాడు. మళ్ళీ ఎక్కించారు. వెలుగు అటూ ఇటూ పారింది. ఎర్రదీపం వెలిగింది. గదిలో ఇనప్పెట్టె టక్కుమని తెరుచుకుంది.

తాయారు సూది సిద్ధం చేస్తుంటే నూకరత్నం తన తెల్లటి పాదాల వంక విచిత్రంగా చూసుకుంటూ అడిగింది.

“నర్సమ్మగారూ, ఇప్పుడు నాకు జబ్బొచ్చినట్టేనాండీ?”

“ఎప్పుడో వచ్చిందమ్మా. ఇప్పుడు ఒప్పుకున్నారు,” అంది తాయారు. పిల్ల బతుకుతుందన్న సంతోషం రావాలి. వచ్చింది. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. జబ్బు పడటానికి కూడా తెల్లగా ఉండాలా ఈ దేశంలో అనిపించింది. ఆ కోపం తగ్గేదాకా ఆగి సూది వేసింది.

ఆ మాట బయట చెప్పకండి అన్నాడు కదా డైరెక్టరు. తాయారు ప్రతి వాడకీ వెళ్ళి చెప్పింది. రెండు వారాల్లో నలభై ఒక్కమంది పిల్లలు బ్రహ్మాజీ చేతి రంగుతో పీట ఎక్కారు. ఆయన స్టూడియో మూసేసి డబ్బాలతో సహా బడిలోనే కూర్చున్నాడు. క్రీము అయిపోతే పెళ్ళివారికని దాచినది కూడా తెచ్చాడు. నలభై ఒక్కమందీ బతికారు. నూకరత్నం వేళ్ళ వాపు దిగి, తోలు పొట్టులా లేచి, మళ్ళీ చెప్పులు వేసుకుంది.

*

నెల తిరిగాక ఒక ఆహ్వానం వచ్చింది. ఒకే ఊళ్ళో నలభై ఒక్కమంది పిల్లల జబ్బుని కనిపెట్టినందుకు దీపం పీటకి అభినందన సభ. బడి నర్సుగా మంగతాయారుకి శాలువా. కాకినాడ లెక్కల్లో ఎర్రదీపాలు మాత్రమే పడ్డాయి, వాటి కింద పూసిన క్రీము పడలేదు. అసలు ఫోటోలు కమిటీ దగ్గరే ఉన్నాయి. పీట ఇంకా ఏమీ కొత్తగా నేర్చుకోలేదు.

సభ మున్సిపల్ కల్యాణమండపంలో జరిగింది. వేదిక మీద పూలదండ వేసిన పీట. విశ్వంభర్ చెప్పులు విడిచి జ్యోతి వెలిగించి, మనిషి కన్ను మోసపోవచ్చు గాని యంత్రం మోసపోదు అని చెప్పాడు. తాయారుని పిలిచారు. ఆవిడ శాలువా కప్పించుకోలేదు. సంచిలోంచి తెల్లక్రీము డబ్బా తీసి పీట మీద పెట్టింది, దాని పక్కన పరిశోధన కేంద్రం ఉత్తరం పెట్టింది.

“నలభై ఒక్కమందినీ కనిపెట్టింది ఇదండి, ఈ డబ్బా. పిల్లల కాళ్ళకి తెల్లరంగు పూసి మీ పీటని నమ్మించాం. ఉన్న రంగుతో ఎక్కితే ఇవాళ కూడా పచ్చదీపమే వస్తుంది. ఎందుకో ఆ ఉత్తరంలో ఉంది. గట్టిగా చదవండి. నా మీద కేసు పెట్టాలంటే పెట్టుకోండి, బ్రహ్మాజీ జోలికి మాత్రం వెళ్ళకండి. ఆయన చేసింది మీరు అడిగిన పనే,” అంది.

హాలంతా కలకలం రేగింది. విలేకరులు లేచారు. విశ్వంభర్ ఉత్తరం తీసి చూసి, సంతకం తనదేనని గుర్తుపట్టి, మళ్ళీ మడిచాడు. అప్పుడు మూడో వరసలోంచి లోవమ్మ లేచింది. ఎవరూ పిలవలేదు. మెట్లెక్కి వేదిక మీదికి వచ్చి, రవికలోంచి మడత తీసి, విప్పి, కాలిన వేళ్ళతో సాపు చేసి ఆయన ముందు పెట్టింది.

“మా పెద్దపిల్లదండి. సత్యవేణండి. ఆరోగ్యం అని రాసిచ్చారండి. అది పోయాక చావు కాగితాలకెళ్తే, జబ్బేం లేదు కదా, తిండి సరిగ్గా పెట్టలేదేటి అన్నారండి నన్ను. నాకేం వద్దండి. ఇది మార్చి రాసిచ్చేయండి.”

“అమ్మా, ఒకసారి ఆరోగ్యం అని నమోదయ్యాక మార్చే వీలు...” అని ఆయన ఆగాడు.

“పోనీ ఇలాగే ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఎలా పోయిందో, అది దీని కిందే రాయండి.”

విశ్వంభర్ తల దించుకున్నాడు. జ్యోతి కోసం చెప్పులు విడిచిన ఆయన పాదాలు కనిపించాయి. నూకరత్నం పాదాల రంగే. తాయారు తన సంచిలోంచి పెన్ను తీసి, మూత విప్పి, పచ్చచీటీ పక్కన పెట్టింది. ఆయన పెన్ను తీసుకున్నాడు గాని రాయలేదు. మైకులో ఎవరో తరువాతి కార్యక్రమం అని మొదలుపెట్టి మానేశారు.

లోవమ్మ పక్కనున్న కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“నెమ్మదిగా రాయండి బాబూ. నేను ఇయ్యాల పనికి సెలవు పెట్టే వొచ్చాను.”